హ్యాండిల్ కాపలా

ఊరి పడమటి చివర కాలవ గట్టు పక్కన, రెండు స్తంభాల మధ్య, మంచె ఎక్కి కూర్చున్న కాపుమనిషిలా ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. ఒక స్తంభం వెంట నిలువునా ఇనప గొట్టం దిగుతుంది. గొట్టం చివర, మనిషి నడుమెత్తున, హ్యాండిలు. కిందికి లాగితే పడమటి బజారుకూ, కాలవ మీద మోటార్లకూ కరెంటు పోతుంది. పైకి నెడితే వస్తుంది. బడికి పోయే పిల్లాడికి కూడా వచ్చిన విద్యే. అందరికీ రావడమే అక్కడి చిక్కు.

ఆ రోజు ఆ హ్యాండిలు పక్కన, బోర్లించిన పెయింటు డబ్బా మీద మెహ్జబీన్ కాపలా కూర్చుంది. హ్యాండిలు కిందికి లాగి ఉంది. దానికి ఎర్ర గుడ్డ పేలిక ఒకటి కట్టి ఉంది. ఎర్ర గుడ్డకు ఆ ఊళ్ళో ఎవరూ భయపడరు. పత్తి తీసే కూలీల తలగుడ్డ గాలికి కొట్టుకొచ్చి చుట్టుకుందనుకుంటారు.

కాపలా ఎందుకంటే, బజార్లో కరెంటు స్తంభం మీద ఆ సమయాన ఒక మనిషి ఉన్నాడు. వైర్ల మధ్య చేతులు పెట్టి పని చేస్తున్నాడు. ఇక్కడ ఎవరైనా ఈ హ్యాండిలు పైకి నెట్టారంటే అక్కడ ఆ మనిషి ఉండడు.

మెహ్జబీన్ మొగుడు ఫరీద్ ట్రాక్టర్లూ, మోటారు సైకిళ్ళూ, మందు కొట్టే మిషన్లూ బాగుచేసే మెకానిక్కు. గురజాలలో అద్దె షెడ్డు పెట్టుకుని చాలా ఏళ్ళు చేశాడు. యజమాని అక్కడ కాంప్లెక్సు కడతానన్నాడు, ఖాళీ చేయమన్నాడు. ఇంకోచోట షెడ్డు చూసుకోవడం, నాలుగు గిరాకీలు మరిగేసరికి వాళ్ళూ పొమ్మనడం, ఈ తిరుగుడు చాలు, ఇంటి పెరట్లోనే రేకులు వేద్దామన్నది మెహ్జబీనే. రేకుల షెడ్డు లేచింది. కంప్రెసరు వచ్చింది, వెల్డింగు సెట్టు వచ్చింది. ఇంటి కరెంటు మీద మొదటిసారి వెల్డింగు పెట్టగానే బజారంతా లైట్లు కన్నుకొట్టాయి, ఎదురింట్లో తిరిగే ఫ్యాను ఆగిపోయి ఆలోచనలో పడింది. ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజు. నాలుగు లైట్లకూ ఒక ఫ్రిజ్జుకూ సరిపోయే పలచటి ప్రాణం. దాంతో గ్యారేజీ నడపాలనుకోవడం మేకపిల్లకు కాడి కట్టడమే. ఇంటి సర్వీసు మార్పించుకుని త్రీ ఫేజు తెచ్చుకుంటే తప్ప మళ్ళీ ఆ మిషన్లు ముట్టుకోవద్దని కరెంటాఫీసు వాళ్ళు వచ్చి చెప్పిపోయారు.

త్రీ ఫేజు ఉన్న స్తంభం నాగేశ్వరరావు ఇంటికి అవతల ఉంది. అక్కడి నుంచి కొత్త లావు వైరు ఫరీద్ ఇంటికి రావాలంటే నాగేశ్వరరావు మేడ పిట్టగోడ మూలన క్లాంపు బిగించి, దాని మీదుగా లాగాలి. అది వద్దనుకుంటే మధ్యలో సొంతంగా స్తంభం పాతుకోవాలి. ఉన్నదంతా షెడ్డుకు ఊడ్చిపెట్టిన వాళ్ళకు అది ఇప్పట్లో అయ్యే పని కాదు. నాగేశ్వరరావు ఒకప్పటి సర్పంచి. ఇప్పుడు పదవి లేకపోయినా ఊళ్ళో పంచాయితీ ఏదైనా ఆయన అరుగు ఎక్కి దిగాల్సిందే. ఫరీద్ పోయి అడిగితే, కట్టుకోండిరా, గోడేం అరిగిపోతదా అన్నాడు. కాగితం లేదు, సాక్షి లేడు. ఆ మాట ఉన్నంతవరకే గ్యారేజీ.

అట్లా ఆ పొద్దున లైన్‌మ్యాన్ ప్రదీప్ వచ్చాడు. ఈ ఊరికి కొత్త. ముప్పై కూడా ఉండవు. స్తంభం ఎక్కేటప్పుడు నడుముకు కట్టుకునే బెల్టు భుజాన వేసుకుని ట్రాన్స్‌ఫార్మరు దగ్గరకు పోయి, హ్యాండిలు లాగి, దీని తాళం ఎక్కడుంది అన్నా అని ఫరీద్‌ను అడిగాడు. ఫరీద్ పళ్ళికిలించాడు. కిందటేడు ఆ తాళం పగలగొట్టిన వాడు తనే.

ఆ వైపు కరెంటు పోతే లైన్‌మ్యాన్‌కు ఫోన్ చేసేవాడు లేడు. ఆయన వచ్చేసరికి మిరప తోట ఎండి ఒరుగు అవుతుంది. ఎవరి మోటారు ముందు ఆగితే వాడు చేతిలో పార కింద పెట్టకుండానే వచ్చి హ్యాండిలు నెట్టి పోతాడు. ఫ్యూజు పోతే వైరు పోగు చుట్టి పోతాడు. చేత కాకపోతే ఫరీద్‌ను పిలుస్తాడు. తాత పోసిన బండిబాట లాంటిది ఆ అలవాటు. అందులో తప్పుందని ఎవరికీ తోచదు.

ప్రదీప్ వెంట రావలసిన హెల్పరు బొల్లాపల్లిలో పెళ్ళికి పోయాడు. కింద నిలబడి వైరు అందించడానికి ఫరీద్ కావాలి. ఇక హ్యాండిలు దగ్గర ఎవరు? ఫరీద్ అన్నాడు, మా ఆడమనిషిని కూర్చోబెడతా, పాత నట్టు కూడా దాని చేతిలోంచి ఎవుడూ ఊరికే తీసుకుపోలేడు అని.

పోయే ముందు ప్రదీప్ ఆమె ముందు నిలబడి, నవ్వకుండా చెప్పాడు.

"అక్కా, నేనొచ్చి చెప్పిందాకా దీన్ని ఎవురూ ముట్టగూడదు. మా అమ్మకి నేనొక్కణ్ణే."

"పోయి పని చూసుకో నాయనా. నేను లేవను," అంది మెహ్జబీన్.

ఆమె కూర్చున్న చోటి నుంచి ఆ స్తంభం కనపడదు. నాగేశ్వరరావు రెండంతస్తుల మేడ అడ్డం. దాని వెనక ఏం జరుగుతున్నదో చెవులతో వినవలసిందే. కాసేపు సుత్తి చప్పుడు వినపడింది. తర్వాత అదీ లేదు.

మొదట వచ్చింది వెంకట్రామయ్య. కాలవ పక్కన చిన్న పొలం చెక్క సాగుచేసుకునే ముసలాయన. మోకాళ్ళ దాకా బురద. బయటి నుంచి వచ్చినవాడు కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి దగ్గరకు పోయినట్టు, ఆమెను చూడకుండానే హ్యాండిలు మీదికి చెయ్యి చాపాడు. మెహ్జబీన్ ఆ చేతికీ హ్యాండిలుకూ మధ్య తన చెయ్యి పెట్టింది.

ముసలాయన ఉలిక్కిపడి, నువ్వెందుకే ఈడ అన్నాడు. స్తంభం మీద మనిషున్నాడు పెద్నాన్నా, మా ఇంటి సర్వీసు మారుస్తున్నారు అని చెప్పింది. ఆయన నొసలు ముడిచాడు. వంతు నీళ్ళ రోజే దొరికిందా మీకు అని సణిగాడు. ఆ మాటలో న్యాయం ఉంది. సాగర్ కాలవకు వారబందీ నడుస్తున్నది. ఆ పూట దాటితే మళ్ళీ నీళ్ళు తమ వైపు తిరిగేది వచ్చే వారమే. కాపు మీదున్న మిరప తోటలు ఆఖరి తడి కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. ప్రదీప్‌కు దొరికిన రోజూ అదే, రైతులకు దొరికిన రోజూ అదే.

వెంకట్రామయ్య పోలేదు. గట్టు మీద చతికిలబడి బీడీ ముట్టించాడు. రెండు పీల్పులు పీల్చాక, తన మేనల్లుడి ఊళ్ళో జరిగిన సంగతి ఎత్తాడు. అక్కడా ఇట్లాగే హ్యాండిలు లాగి ఒకడు స్తంభం ఎక్కాడట. మోటారు ఆగిందని ఇంకొకడు వచ్చి నెట్టాడట. పైన ఉన్నవాడూ, నెట్టినవాడూ పెదతండ్రి పినతండ్రి బిడ్డలు. శవాన్ని దించడానికి కూడా మళ్ళీ హ్యాండిలు లాగవలసి వచ్చింది, లాగింది కూడా వాడే అన్నాడు. ఆ తర్వాత ఆయన బీడీ ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోలేదు.

మెహ్జబీన్ డబ్బా మీద నుంచి లేచి, హ్యాండిలుకు ఆనుకుని నిలబడింది.

ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకరికి చెప్పినట్టే ఒకరికి చెప్పింది. ఒకాయన, ఇంకా ఎంతసేపు అన్నాడు. తెలవదంది. రెండో ఆయన, నీ గ్యారేజీ కోసం మా తోటలు ఎండబెడతావా అన్నాడు. ఆమె ఎర్ర గుడ్డ ముడి ఇంకాస్త బిగించింది. వాళ్ళూ గట్టు మీద కూర్చున్నారు. అందరూ ఆమె చేతి వైపే చూస్తున్నారు. ఎండ చురుక్కుమంటున్నది. కాలవలో నీళ్ళు మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా పోతున్నాయి.

అప్పుడు నాగేశ్వరరావు వచ్చాడు. కొడుకు సందీప్ బుల్లెట్టు నడుపుతున్నాడు, వెనక ఈయన, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. గట్టు మీద వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన బండి దిగుతూనే హ్యాండిలును, ఎర్ర గుడ్డను, మెహ్జబీన్‌ను వరసగా చూశాడు. ముఖంలో కోపం లేదు. పెద్దమనిషి కాబట్టి ముందు నవ్వాడు.

ఏందమ్మాయ్, ట్రాన్స్‌ఫార్మరు నీకు రాసిచ్చారా అన్నాడు. అందరూ నవ్వారు. మెహ్జబీన్ కూడా నవ్వింది కానీ చెయ్యి తియ్యలేదు. సంగతి చెప్పింది. ఆయన విన్నాడు, తల ఊపాడు, సందీప్ వైపు తిరిగి, ఒకసారి బజార్లోకి పోయి ఎంతవరకు వచ్చిందో చూసిరా అన్నాడు.

బుల్లెట్టు వెళ్ళింది. ఆ కాసేపూ నాగేశ్వరరావు ఆమెతో మంచిగానే మాట్లాడాడు. షెడ్డు ఎంతవరకు వచ్చింది, నరసరావుపేటలో చదివే కూతురు ఉజ్మా ఎట్లా ఉంది అని అడిగాడు. మధ్య మధ్య కాలవ వైపు చూస్తున్నాడు. ఆయన మిరప తోట ఆ గట్టు పొడుగునా ఉంది. అందరికంటే ఎక్కువ తడి ఆయనకే కావాలి. అందరికంటే ఎక్కువ ఓపిక పట్టింది కూడా ఆయనే అని ఆమె ఒప్పుకుంటుంది.

సందీప్ తిరిగొచ్చాడు. ఇంజను ఆపకుండానే చెప్పాడు.

"అయిపోయింది నాన్నా. ప్రదీప్ కిందికి దిగాడు. మనింటి ముందు నిలబడి మంచినీళ్ళు తాగుతున్నాడు."

గట్టు మీద వాళ్ళు తువ్వాళ్ళు దులుపుకున్నారు. వెంకట్రామయ్య మోకాళ్ళ మీద చేతులేసి లేచాడు. ఒకాయన అప్పుడే తన మోటారు వైపు నడక మొదలుపెట్టాడు. నాగేశ్వరరావు, సరే తియ్యమ్మా అంటూ ముందుకు వచ్చాడు.

మెహ్జబీన్ కదల్లేదు.

తీసి ఉండేదే. సందీప్ అబద్ధం చెప్పే పిల్లాడు కాదు. కళ్ళతో చూసిందే చెప్పాడు. కానీ ప్రదీప్ అన్న మాట ఆమె చెవిలో ఉంది. నేనొచ్చి చెప్పిందాకా. వాడు వచ్చి చెప్పలేదు. ఒక్క నిమిషం బాబాయ్ అని ఫోన్ తీసి ప్రదీప్‌కు చేసింది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది, కలవలేదు. ఫరీద్‌కు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఫరీద్ పనిలో ఉంటే ఫోన్ ఏ డబ్బా మీదో పెట్టి మర్చిపోతాడు. అది కొత్త కాదు.

"వాణ్ణి రానియ్యి బాబాయ్. వచ్చి చెప్పమను. నేనే నెడతా."

నాగేశ్వరరావు నవ్వు అక్కడితో అయిపోయింది. ఆయన మాటకు ఎదురు మాట రాక చాలా కాలమయింది. అదీ నలుగురి ముందు. నా కొడుకు చూసొచ్చి చెప్పింది చాలదా అన్నాడు. చాలదని ఆమె అనలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆయన ఫోన్ తీసి ప్రదీప్‌కు చేశాడు. ఈసారి కలిసింది. ఎక్కడున్నావు, వెంటనే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరకు రా అని రెండే మాటలు. పెట్టేశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, గొంతు పెంచకుండా అన్నాడు.

"మెహ్జబీనూ, మీ వైరు నా గోడ మీదనించి పోతంది. గుర్తుంచుకో. నా తడి పోయిందంటే రేపు పొద్దుటికి ఆ క్లాంపు పీకిచ్చేస్తా. నలుగురి ముందర చెబుతున్నా."

బెదిరింపులు వేరు, నాగేశ్వరరావు మాట వేరు. ఆయన అంటే చేస్తాడు. అట్లా చేయబట్టే ఆయన మాటకు ఆ ధర.

మెహ్జబీన్‌కు షెడ్డు కళ్ళముందు కనపడింది. రంగు కూడా వెయ్యని రేకులు. గుడ్డ కప్పి పెట్టిన కంప్రెసరు. అది లేకపోతే ఫరీద్ మళ్ళీ గురజాల బజార్లలో షెడ్డుకు, షెడ్డు వాడి దయకు తిరగాలి. నలభై ఏడేళ్ళ మనిషి. నడుం ఇప్పటికే సగం పోయింది. సందీప్ చూశానంటున్నాడు. ప్రదీప్ నీళ్ళు తాగుతున్నాడు. చెయ్యి తీస్తే ఎవరికీ ఏమీ కాదు. తియ్యకపోతే గ్యారేజీ పోతుంది. తీసెయ్యవే అని ఆమెకు ఆమే చెప్పుకుంది. చెయ్యి వినలేదు. ఎవరో తల్లి, ఏ ఊళ్ళో ఉందో కూడా తెలియదు, ఆ చేతిని పట్టుకున్నట్టుంది.

"నీ గోడ నీ ఇష్టం బాబాయ్," అంది. "వాణ్ణి రానియ్యి."

ప్రదీప్ బండి చప్పుడు వినపడింది. అతను వచ్చాడు, బండి స్టాండు కూడా సరిగా వెయ్యకుండా పరుగున వచ్చాడు. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుని ఉంది. నాగేశ్వరరావుకు దణ్ణం పెట్టాడు. కొత్త ఉద్యోగం, ఊరి పెద్దమనిషి ఫోన్ చేసి పిలిచాడు, ఆ హడావిడి కళ్ళలో తెలుస్తున్నది.

అయిందా లేదా అని నాగేశ్వరరావు అడిగాడు. అయిందండీ, చివరి బిగింపులు కూడా అయిపోయినయ్ అన్నాడు ప్రదీప్. మరి ఈమె మా ప్రాణం తీస్తందే అన్నాడు నాగేశ్వరరావు. ప్రదీప్ ఆమెను చూసి, చానా థాంక్స్ అక్కా, ఇంక తియ్యి అంటూ ఎర్ర గుడ్డ ముడి విప్పడం మొదలుపెట్టాడు.

మెహ్జబీన్ చెయ్యి తీసింది. చెప్పవలసిన వాడు వచ్చి చెప్పాడు. ఆమె పని అయిపోయింది. అవతలికి రెండడుగులు వేసి, పైట కొంగుతో ముఖం తుడుచుకుంటూ అతన్ని చూసింది. స్తంభం దిగి వచ్చిన మనిషి. ప్రాణంతో ఉన్నాడు. రెండు చేతులూ బాగున్నాయి. భుజం మీద ఏమీ లేదు. నడుముకూ ఏమీ లేదు.

గుడ్డ ముడి ఊడింది. ప్రదీప్ హ్యాండిలు పట్టుకున్నాడు.

"నీ బెల్టు ఏది నాయనా?"

ఆ ప్రశ్న ఎవరికీ అర్థం కాలేదు. ప్రదీప్‌కు కూడా మొదట అర్థం కాలేదు. బెల్టా, ఫరీదన్న దగ్గర అంటూ చేతికి బలం ఇచ్చాడు. గొట్టం కిర్రుమంది. ఈలోపు మెహ్జబీన్ వచ్చి అతని చేతి మీద, హ్యాండిలు మీద, తన ఒంటి బరువంతా వేసి వేలాడింది. గాజులు చిట్లి రాలాయి.

"ఆయన దగ్గరెందుకుంది? చెప్పు. కింద నిలబడేవాడికి బెల్టెందుకు?"

ప్రదీప్ నోరు తెరిచాడు. హ్యాండిలు వదిలి వెనక్కి జరిగాడు. అతని ముఖంలో రంగు దిగిపోవడం అక్కడున్న అందరూ చూశారు.

జరిగింది తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పాత వైరు తీశాడు, కొత్తది ఎక్కించాడు. ఈలోగా ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్. దిగి మాట్లాడుతూ నీళ్ళు తాగుతున్నాడు. నాలుగు బోల్టులేగా, నువ్వు మాట్లాడుకో, నేను బిగించి దిగుతా అని ఫరీద్ బెల్టు తీసుకుని ఎక్కాడు. అట్లా ఎక్కడం ఫరీద్‌కు అలవాటే, అతను ఎక్కని స్తంభం ఆ ఊళ్ళో లేదు. అప్పుడే నాగేశ్వరరావు ఫోన్ వచ్చింది. ప్రదీప్ బండి తీశాడు. నేను పోయేసరికి అన్న దిగే ఉంటాడు అనుకున్నాడు. దారిలో ఆ అనుకోవడమే నమ్మకం అయిపోయింది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరకు వచ్చేసరికి ఫరీద్ పైన ఉన్నాడన్న సంగతే మనసులో లేదు.

అవన్నీ తర్వాత. అప్పుడు మాత్రం మెహ్జబీన్ రెండు చేతులతో హ్యాండిలును కిందికి అదిమిపట్టి, సందీప్‌ను చూసింది. అతను బుల్లెట్టు తీశాడు. ఈసారి ఇంజను చప్పుడు వేరేగా ఉంది.

అతను వచ్చేదాకా గట్టు మీద ఎవరూ కూర్చోలేదు. వెంకట్రామయ్య పెదాలు కదులుతున్నాయి. నాగేశ్వరరావు తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. ప్రదీప్ నేల మీద కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. మెహ్జబీన్ గొట్టానికి నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది. ప్రదీప్ చెయ్యి పడ్డప్పుడు ఆ గొట్టం ఎంత కదిలిందో ఆమెకు తెలియదు. కిర్రుమనడం విన్నది. అంతే. ఆ కాస్త కదలిక చాలునా, చాలదా. చెప్పగలిగినవాడు తల ఎత్తడం లేదు.

సందీప్ ఒక్కడే వచ్చాడు. బండి మెల్లగా ఆపాడు, దిగాడు, తండ్రి ముఖం చూడకుండా చెప్పాడు.

"ఇంకా పైనే ఉన్నాడు నాన్నా. తొడుగు లేని వైరు కొస చేత్తో పట్టుకొని ఉన్నాడు. నేను అరిస్తే, కాస్త ఆగరా బాబూ అయిపోయింది అంటన్నాడు. బాగానే ఉన్నాడు. దిగుతన్నాడు."

నాగేశ్వరరావు గట్టు మీద కూర్చున్నాడు. తెల్ల పంచెకు బురద అంటుతుందని చూసుకోలేదు.

కాసేపటికి ఫరీద్ నడుచుకుంటూ వచ్చాడు. భుజాన ప్రదీప్ బెల్టు. అతనికి ఏమీ తెలియదు. పని అయిపోయి ఇంతసేపయినా కరెంటు ఇవ్వకుండా ఏం చేస్తున్నావని దూరం నుంచే పెళ్ళాం మీద ఉర్దూలో కేకలేస్తూ వచ్చాడు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఉర్దూనే. ఆమె మాత్రం అందరికీ అర్థమయ్యేట్టు తెలుగులో జవాబిచ్చింది.

"చేతులు చూపించు."

ఫరీద్ చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. కేకలు ఆపాడు. నల్లగా గ్రీసు పట్టిన రెండు చేతులూ, అరచేతులు పైకి పెట్టి, స్కూల్లో పంతులు ముందు చాపినట్టు చాపాడు. ఆమె వేళ్ళన్నీ చూసింది. బొబ్బ లేదు, కమురు లేదు. అప్పుడు హ్యాండిలు వదలబోయింది. వేళ్ళు తెరుచుకోలేదు. ఫరీదే ఒక్కొక్కటీ విడదీశాడు.

"ఇప్పుడు నెట్టు బాబాయ్," అంది నాగేశ్వరరావుతో. "నీ తడి పోతంది. నువ్వే నెట్టు."

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అన్నది. నాగేశ్వరరావు లేచాడు, హ్యాండిలు దాకా వచ్చాడు, చెయ్యి చాపలేదు. దాన్ని కాసేపు చూసి, ప్రదీప్ నెడతాడులే అని పక్కకు తప్పుకున్నాడు. ప్రదీప్ లేచి నెట్టాడు. పైన టప్పుమని ఒక నిప్పురవ్వ ఎగిరింది. ట్రాన్స్‌ఫార్మరు మూలిగింది. కాలవ పొడుగునా ఒకదాని వెనక ఒకటి మోటార్లు అందుకున్నాయి. ఎవరి మోటారు దగ్గరకు వాళ్ళు పోయారు.

ఆ రాత్రి ఫరీద్ అన్నం ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఇంకెప్పుడూ ఎక్కనన్నాడు. మెహ్జబీన్ ఆ మాట నమ్మలేదు, కాదనలేదు. గ్యారేజీ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. త్రీ ఫేజు వచ్చింది, కొత్త మీటరు గోడకు వెలుగుతున్నది. కానీ నాగేశ్వరరావు నలుగురి ముందర అన్న మాట ఉంది. తడి పోలేదు నిజమే. అయినా పెద్దమనిషి మనసుకు తగిలిన దెబ్బ తడి అందినంత మాత్రాన మానేది కాదు.

తెల్లవారి సందీప్ వచ్చాడు. వెంట ఇద్దరు కూలీలు, ప్రదీప్. ఈసారి హ్యాండిలు దగ్గర, పెళ్ళి నుంచి తిరిగొచ్చిన హెల్పరు కాపలా. ఒకడు నిచ్చెన వేసి పిట్టగోడ మూలన క్లాంపు విప్పడం మొదలుపెట్టాడు. ఫరీద్ చూస్తూ నిలబడ్డాడు. మెహ్జబీన్ గడపలో నుంచి చూసి, అంతే కదా అనుకుని లోపలికి తిరగబోయింది.

అప్పుడు బజారు మలుపు తిరిగి ట్రాక్టరు వచ్చింది. ట్రక్కులో పొడుగాటి ఇనప స్తంభం. నాగేశ్వరరావు పొగాకు కాల్చే పాత బ్యారను పీకేసినప్పుడు తీసి పెట్టిన దూలం అది, ఫరీద్ గుర్తుపట్టాడు. రెండో కూలీ గడ్డపార తీసుకుని, రెండిళ్ళకూ మధ్య పంచాయతీ సందు చివర గుంట తవ్వడం మొదలుపెట్టాడు. ఏంది సందీపూ ఇది అంటే, సందీప్ చెప్పులు చూసుకుంటూ, తడి అందినా, నలుగురి ముందర క్లాంపు పీకిస్తానన్నాడు గదా అన్నా, అన్నమాట తప్పితే నాన్నకి నిద్ర పట్టదు, వైరు మాత్రం పోతానికి ఏదో ఒక దారి ఉండాలిగా అన్నాడు.

ఫరీద్ భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. పోయి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి వస్తానన్నాడు.

"వద్దు," అంది మెహ్జబీన్. "పోయి నువ్వు నోరు తెరిస్తే ఆయన కూడా తెరవాల్సొస్తది. ఆయన్ని ఆ మేడ మీదే ఉండనియ్యి."

మేడ మీద ఎవరో ఉన్న మాట నిజమే. పిట్టగోడ వెనక తెల్ల చొక్కా ఒకటి అటూ ఇటూ తిరుగుతున్నది, బజారు వైపు మాత్రం తిరగడం లేదు. ఆమె అటు చూడలేదు. లోపలికి పోయి టీ పెట్టి, గ్లాసుల్లో పోసుకుని, సందు చివరకు తెచ్చింది. కూలీ గడ్డపార ఆపి గ్లాసు అందుకున్నాడు. ఆమె గుంటలోకి వంగి చూసింది. పైన మట్టి, కింద అప్పుడే రాయి తగులుతున్నది.

"ఇంకో జానెడు తియ్యి అబ్బాయ్," అంది. "మా ఊరి గాలికి ఈ లోతు చాలదు."